నూనె వేయని మిషను

"ఎంతమంది విన్నారు?"

అక్క అడిగింది ఆ ఒక్క ముక్కే. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. వాటి వంకే చూస్తూ అడిగింది.

"క్లాసంతా," అంది చిన్నది.

"నా పేరు చెప్పావా?"

"పేరెందుకు చెప్తాను? కుట్టుమిషను అని కూడా అనలేదు. పిండిమర అన్నాను. పిండిమర నడిపే ఆవిడ, ఆవిడ మొగుడు, అంతే."

అక్క పొయ్యి ఆర్పి మూత పెట్టింది. గిన్నె దించలేదు. గట్టు అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

"పిండిమర," అంది కాసేపటికి. నవ్వినట్టే ఉంది గాని అది నవ్వు కాదు. "నాకు పిండిమర పెట్టించావన్నమాట. సంతోషం."

 రాత్రంతా మింగుకుని, తెల్లారాక కక్కిన సంగతి ఇది. కక్కితే తేలికవుతుందనుకుంది చిన్నది. కాలేదు.

మొన్న ఇదే వంటింట్లో అక్క తన సంగతి చెప్పింది. బావ స్నానాలగదిలో జారిపడి పిలిచినప్పుడు తనకు వినపడిందని. మళ్ళీ మళ్ళీ పిలిచాడని. చేతిలో ఉన్న కర్టెను అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచి వెళ్ళానని. అది చెప్పి, ఏమీ జరగనట్టు ఉల్లిపాయలు తరుక్కుంది. లోకానికి మాత్రం వేరే మాట చెప్పింది. మిషను చప్పుడులో వినపడలేదని. డాక్టరుతో అదే, అత్తగారితో అదే, చూడవచ్చిన ప్రతి మనిషితో అదే.

"నీకు ఒక్కదానికి చెప్పాను," అంది అక్క. "గోడకి చెప్పుకున్నా బాగుండేది."

"నోరు జారింది, అక్కా."

"జారడానికే పెట్టారా ఆ క్లాసు?"

ఒక రకంగా అందుకే పెట్టారు. లా కాలేజీలో మొదటి ఏడు క్రిమినల్ లా చెప్పే బక్క మాస్టారికి ఒక పద్ధతి ఉంది. పాఠం మొదలుపెట్టే ముందు ఎవరో ఒకరు లేచి ఒక కథ చెప్పాలి. అది నేరమా, కాదా అని మిగతావాళ్ళు తేల్చాలి. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుని, పొద్దుగూకే వేళకి ఆవలిస్తూ వచ్చే జనం అది. పాఠానికి నిద్రపోతారు గాని కథకి లేచి కూర్చుంటారు.

నిన్నటి పాఠం, చేయకపోవడం గురించి. చేతులతో చేస్తేనే నేరమా, చేతులు ముడుచుకుని కూర్చున్నా నేరమేనా అని. పక్కిల్లు కాలుతుంటే కిటికీలోంచి చూస్తూ టీ తాగినవాడు చెడ్డవాడే గాని, నేరస్థుడు కాడన్నారు మాస్టారు. అదే ఆ ఇంటికి కాపలా ఉంటానని జీతం తీసుకున్నవాడైతే? అప్పుడు ఆ టీ గొంతు దిగదన్నారు.

తరవాత చిన్నదాని వంతు వచ్చింది. ఆసుపత్రి చుట్టూ తిరగడంతో ఏ కథా సిద్ధం చేసుకోలేదు. లేచి నిలబడితే బుర్రలో ఉన్నది ఒక్కటే కథ. అదే వచ్చింది నోట్లోంచి.

"చెప్పి ఊరుకున్నావా?" అంది అక్క.

"వెనక బెంచీలో ఒకాయన ఉన్నాడు. పోలీసు స్టేషనులో హెడ్‌కానిస్టేబులు. ప్రమోషనుకి పనికొస్తుందని చదువుతున్నాడు. ఆయన లేచాడు. పిండిమర ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట పక్కవాడికి వినపడదు కదమ్మా, ఆవిడ విన్నదని మీకెలా తెలుసు, అన్నాడు."

"నువ్వేమన్నావు?"

చిన్నది తల వంచుకుంది. "వినపడినా ఆవిడ కాలు ఆపలేదండీ, అన్నాను."

అక్క అప్పుడు తిరిగి చూసింది చెల్లెలి మొహంలోకి.

"పిండిమరకి కాలేమిటమ్మా, అన్నాడాయన. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. ఆయన ఒక్కడే నవ్వలేదు."

నీళ్ళగిన్నె మూత కింద ఆవిరి తగ్గి, మూత దానంతట అది టక్కున సర్దుకుంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"కొంప ముంచావు కదే," అంది అక్క నెమ్మదిగా. తిట్టినట్టు లేదు. తిట్టినా బాగుండేదనిపించింది చిన్నదానికి.

"క్లాసయ్యాక సైకిళ్ళ దగ్గరికి వచ్చాడు. మీ అక్కగారు బట్టలు కుడతారని ఆ మధ్య అన్నారు కదా, నా యూనిఫారం ప్యాంటు నడుము వదులు చేయించాలి, రేపు పొద్దున వస్తాను అన్నాడు. వద్దనడానికి ఏం కారణం చెప్పను?"

"రేపంటే ఇవాళే."

"ఇవాళే."

అక్క చెయ్యి ఎత్తి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంది. మోచేతి కింద, లోపలివైపు, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో మచ్చ కనపడింది. ఎవరైనా అడిగితే ఇస్త్రీ చేస్తుంటే కాలిందంటుంది. ఇస్త్రీ చేసుకునే మనిషికి ఆ చోట ఎలా కాలుతుందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. చెల్లెలి చదువు మాన్పించమని బావ పట్టుబట్టి కూర్చున్న పూట పడ్డ మచ్చ అది.

"ఆ చెయ్యి చూపించు అక్కా," అంది చిన్నది. "వాళ్ళు అడిగితే అదీ చెప్పు. దానికీ చట్టంలో చోటుంది."

"చోటుంటే నువ్వెళ్ళి కూర్చో."

 అక్క గ్లాసులు తీసింది, సర్దింది, మళ్ళీ తీసింది.

"మీ మాస్టారు చివరికేమని తేల్చాడు?"

"భార్యకి బాధ్యత ఉంటుందన్నారు. కాని అంతా ఒక్క మాట మీద నిలబడుతుందన్నారు. ఆవిడ వినలేదంటే కేసు లేదు. విని వెళ్ళలేదంటేనే కేసు."

"పడ్డవాడు పోతే?"

"పోతే ఇంకా పెద్దది."

అక్క తల ఊపింది. ఎవరో గజం గుడ్డ ధర చెబితే ఊపినట్టు ఊపింది.

"అయితే నేను వినలేదు," అంది.

* * *

మధ్యగదిలో బావ మంచం. కుడివైపు పడిపోయింది. మాట లేదు. మాట వస్తుందా అంటే, రావచ్చు, చెప్పలేం అన్నాడు డాక్టరు. కళ్ళు మాత్రం బాగా పని చేస్తున్నాయి. అక్క ఎటు వెళితే అటు తిరుగుతాయి. ఎడమచెయ్యి కదులుతుంది. మిషను మొదలైతే చాలు, ఆ చెయ్యి మంచం పట్టెను కొడుతుంది.

"చప్పుడు పడటం లేదే వాడికి," అంటుంది అత్తగారు. "ఎలా పడుతుంది, పాపం."

కొడుకు పడ్డాకే ఆవిడ కూతురింటి నుంచి వచ్చింది. ఆవిడకి చెవులు అంతంత మాత్రం. ఆవిడకి ఒక సంగతి చెప్పాలంటే వీధంతటికీ చెప్పినట్టే. అయినా కోడలిని ఎవరైనా ఒక మాట అంటే ఊరుకోదు. పడ్డ మనిషిని అంతసేపు చూసుకోకపోవడమేమిటని ఆడపడుచు నిలేస్తే, ఈవిడే అడ్డం పడింది. "ఆ మిషను పక్కన కూర్చుని చూడవే. నీ గొంతు నీకు వినపడితే అప్పుడు మాట్లాడు," అంది.

ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి ఆ మిషను అలాగే అరుస్తోంది. కిర్రుమంటూ, ఇనప కాళ్ళు గచ్చు మీద టకటకలాడిస్తూ. అంతకు ముందు ఎలా ఉండేదో ఆవిడకి తెలియదు. చిన్నదానికి తెలుసు. అక్క వారం వారం దానికి నూనె వేసేది. చంటిపిల్లకి తల దువ్వినంత శ్రద్ధగా వేసేది. అది నడుస్తుంటే పక్కగదిలో నిద్రపోయేవాళ్ళు నిద్రపోయేవారు.

బావ పడ్డ మర్నాటి నుంచి అక్క నూనె వేయడం మానేసింది. నూనెడబ్బా అలమర మీదికి ఎక్కించేసింది. చిన్నది ఒకసారి దించబోతే, "ముట్టుకోకు," అంది. ఎందుకని చిన్నది అప్పుడు అడగలేదు. మొన్న వంటింట్లో విన్నాక అడగాల్సిన పని లేకపోయింది.

అత్తగారు వీధిగుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తెల్లవి వేరు నల్లవి వేరు చేస్తోంది. తల ఎత్తి, "ప్లీడరమ్మా, ఎవరో వచ్చారు చూడు," అంది. ప్లీడరమ్మ అని బావ వెక్కిరింపుగా పెట్టిన పేరు. ఆవిడ ముద్దుగా వాడుతుంది.

వచ్చింది హెడ్డే. యూనిఫారంలో లేడు. మామూలు చొక్కా, చంకలో కాగితం పొట్లం, మెడలో తాడుతో వేలాడే కళ్ళజోడు. లోపలికి వస్తూనే చెప్పులు ఒక పక్కగా సర్ది పెట్టాడు.

"మీ చెల్లెలుగారు కథ చెబితే కళ్ళకి కట్టినట్టుంటుందమ్మా," అన్నాడు అక్కతో. "మాకెవరికీ అలా రాదు. మేమేం చెప్పినా పంచనామాలా ఉంటుంది."

"దానికి చిన్నప్పటి నుంచీ లేనివి కల్పించడం అలవాటు," అంది అక్క. మెడలోంచి టేపు తీసింది. "ఊపిరి వదలండి."

"వదిలితే కొలత పెరుగుతుందేమో."

"పెరగాలనే కదా వచ్చారు."

ఆయన నవ్వాడు. అక్క కొలిచింది. ప్యాంటు నడుము వెనక కుట్టు విప్పింది, సుద్దతో గీత గీసింది.  చిన్నది అలమరకి ఆనుకుని చూస్తోంది. తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తనకే తెలియలేదు.

"సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి," అంది అక్క.

"చిన్న కుట్టే కదమ్మా. కూర్చుంటాను. ఇవాళ నాకు సెలవు."

అక్క ప్యాంటు తీసుకుంది. మిషను దగ్గర కూర్చుంది. చక్రం తిప్పి, కాలు పెట్టింది.

కిర్రుమంది. ఇనుము ఇనుము కొరికినట్టు, గది నిండా అదే చప్పుడు. హెడ్డు ఏదో అన్నాడు. పెదవులు కదలడమే కనపడింది.

"ఏమిటి బాబూ?" అంది అత్తగారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఆయన లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళి వంగాడు. "ఎప్పుడూ ఇంత చప్పుడేనా అంటున్నాను."

"ఎప్పుడూ ఇంతే. మావాడు పడ్డ రోజూ ఇంతే. పక్కన పిడుగు పడినా తెలియదు, ఇక మనిషి పిలిస్తే ఏం తెలుస్తుంది? పిచ్చిది, ఎంత ఏడ్చిందో," అంది ఆవిడ, కోడలి వైపు చూపిస్తూ.

హెడ్డు తల ఊపాడు. మిషను దగ్గరికి వచ్చి, ఒక మోకాలు గచ్చు మీద ఆనించి కిందికి చూశాడు. అక్క కాలు ఆపింది.

"పొడిబారిపోయిందమ్మా ఇది," అన్నాడు. "మా అమ్మ మిషను తొక్కి మమ్మల్ని పెంచింది. పొద్దున లేస్తే నూనె వేయడం నా పని. ఇలా వదిలేస్తే అరిగిపోతుంది. మీలాంటి పనిమంతులు ఎలా వదిలేశారు?"

"ఆసుపత్రి గొడవల్లో చూసుకోలేదు. నూనె కూడా అయిపోయింది."

మిషను ఆగింది కాబట్టి, అక్క గొంతు పెంచింది కాబట్టి, ఆ మాట అత్తగారికి వినపడింది.

"అయిపోలేదే. అలమర మీద డబ్బా ఉంది. నిన్న స్టూలెక్కి దుమ్ము దులుపుతుంటే చేతికి తగిలింది, నిండుగా ఉంది. ప్లీడరమ్మా, పొడుగ్గా ఉన్నావు, అందుకో."

చిన్నది కదల్లేదు.

"నీకే చెప్పేది. వాడికి కూడా ఆ చప్పుడు బాధ తప్పుతుంది."

చిన్నది అక్క వంక చూసింది. అక్క ఎక్కడో గోడ వంక చూస్తోంది. వద్దనడానికి ఒక్క కారణం దొరకలేదు ఇద్దరికీ. చిన్నది మునివేళ్ళ మీద లేచి డబ్బా అందుకుంది. చల్లగా ఉంది. హెడ్డు చెయ్యి చాపి ఉంచాడు. ఆ చేతిలో పెట్టింది.

నిన్న నోటితో ఇచ్చింది. ఇవాళ చేత్తో ఇచ్చింది.

ఆయన తొందరపడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఎక్కడెక్కడ బొట్టు పడాలో అక్కడ వేశాడు. చక్రం చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించాడు. పెడలు కింద కీలుకి కూడా వేశాడు. పాత గుడ్డముక్క ఇస్తే తుడిచాడు.  అత్తగారి ఒళ్ళో గుండీలు రాలుతున్న చప్పుడు ఒక్కటే.

"ఊఁ, కానివ్వండి," అన్నాడు.

అక్క కాలు పెట్టింది. మిషను నడిచింది. ఇసక మీద వాన పడ్డట్టు చిన్న సవ్వడి, అంతే.

మధ్యగదిలోంచి టక్, టక్ మని వినపడింది. బావ చెయ్యి మంచం పట్టెను కొడుతోంది. ఇన్నాళ్ళూ మిషను మోతలో కలిసిపోయిన ఆ దెబ్బ ఇప్పుడు విడిగా, ఒక్కొక్కటిగా వినపడింది.

హెడ్డు ఆ వైపు చూశాడు. తరవాత తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ నిండా నూనె.

"కడుక్కోవాలి. స్నానాలగది ఎటమ్మా?"

"వెనక్కి వెళ్ళండి. మధ్యగది దాటి, వంటింటి పక్కన," అంది అక్క, కుట్టు మీదినుంచి చూపు ఎత్తకుండా.

"మీరు ఆపకండి. మీ పని మీది."

ఆయన వెళ్ళాడు. మధ్యగదిలో అడుగులు ఆగాయి. మంచం మీది దెబ్బ కూడా ఆగింది. కాసేపు ఏమీ లేదు. తరవాత అడుగులు మళ్ళీ సాగాయి, స్నానాలగది తలుపు తెరుచుకుంది, కొళాయి నీళ్ళు పడ్డాయి, కొళాయి కట్టేశారు.

చిన్నది మిషను పక్కనే నిలబడి ఉంది. ఆ వచ్చేదేమిటో అప్పటికి అర్థమైంది.  అక్క చెవిలో ఒక మాట వేద్దామని వంగబోయింది. ఈలోపే వచ్చింది.

"అమ్మా, తువ్వాలెక్కడుంది?"

అరవలేదు. మామూలు గొంతు. పడ్డవాడి గొంతు కూడా అంతకంటే పెద్దగా ఉండి ఉండదు.

అక్క కాలు ఆగలేదు. మెడ తిరగలేదు. చిన్నది తన మెడ తనే రెండు చేతులా పట్టుకున్నట్టు బిగబట్టింది. వినలేదంటే కేసు లేదు. మాస్టారి మాట అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. వినలేదు. మేమెవరమూ వినలేదు.

"అమ్మా, తువ్వాలు."

ఈసారి కాస్త పెద్దగా. బతిమాలినట్టు.

మిషను నడుస్తోంది. అక్క చేతులు ప్యాంటు మీద ఉన్నాయి, కాలు పెడలు మీద ఉంది. అలసట లేదు, తడబాటు లేదు. ఆ రోజు కూడా ఇలాగే కూర్చుని ఉంటుందనిపించింది చిన్నదానికి.  అక్క కోసం కాదు, మొదటిసారి అక్కని చూసి భయం వేసింది.

అయినా తిరగలేదు. ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే ఆయనే వచ్చేస్తాడు. చప్పుడులో వినపడలేదండీ అంటే, నూనె వేసినా ఇంతేనండీ అంటే, ఆయన ఏం చేయగలడు?

వీధిగుమ్మం దగ్గర, అందరికంటే దూరంగా, అత్తగారు గుండీల మీదినుంచి తల ఎత్తింది.

"అమ్మాయ్, ఆ బాబు తువ్వాలడుగుతున్నాడు," అంది. "వినపడటం లేదా మీకు?"

అని, ఆవిడే ఆగిపోయింది.

తన చెవి మీద చెయ్యి పెట్టుకుంది. మిషను వంక చూసింది. వెనకవైపు తలుపు వంక చూసింది. మళ్ళీ మిషను వంక చూసింది. నల్లగుండీ ఒకటి వేళ్ళ మధ్యనుంచి జారి గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది. అది దొర్లిన చప్పుడు కూడా వినపడింది అందరికీ.

పెద్దావిడ చూపు మెల్లగా కిందికి దిగి, కోడలి కాలి మీద ఆగింది.

కాలు ఇంకా ఆడుతూనే ఉంది. సూది పైకీ కిందికీ పరుగెడుతూనే ఉంది. దాని కింద గుడ్డ ఎప్పుడో అయిపోయింది.